మేడ మీద ఒకలా, కింద ఒకలా: ఒక ఇంటి ప్రింటర్ కేసు

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు, నెట్‌వర్కులు సరిచేయడం నా పని. ఇంట్లో ఉన్న ఒక్క ప్రింటర్‌ని అందరూ వాడుకునేలా చేయమని అడగడం ఈ పనిలో చాలా మామూలు కోరిక. దాని కోసమే నేను ఒక ఇంటికి నాలుగుసార్లు వెళ్లాల్సి వచ్చింది. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న మూడోసారి వెళ్లినప్పుడు అడిగాను. మధ్యలో చేసిన పనుల్లో ఒకటి ఆ ఇంటి కంప్యూటర్‌కి ప్రమాదం తెచ్చేది కూడా. ఇదే పని చేసేవాళ్లకీ, తమ ఇంట్లో ప్రింటర్‌తో తామే కుస్తీ పడుతున్నవాళ్లకీ పనికొస్తుందని ఆ ఇంటివాళ్ల అనుమతితో రాస్తున్నాను. వాళ్లని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

ఇంట్లో ఏమేం ఉన్నాయి

రెండంతస్తుల ఇల్లు. కింది గదిలో ఇంటి పెద్దాయన డెస్క్‌టాప్, అందులో విండోస్ 10. పక్కనే బల్ల మీద నలుపు తెలుపు లేజర్ ప్రింటర్, స్కానర్ కూడా కలిసి ఉన్న రకం. అది యూఎస్‌బీ కేబుల్‌తో డెస్క్‌టాప్‌కి తగిలించి ఉంది. ప్రింటర్‌లో వైఫై ఉంది కానీ ఆపేసి ఉంది. ఆయన కోడలికి రెండు ల్యాప్‌టాప్‌లు. ఒకటి సొంతది, విండోస్ 10. రెండోది ఆఫీసు ఇచ్చింది, విండోస్ 11. మేడ మీద గదిలో చదువుకునే మనవరాలి ల్యాప్‌టాప్ కూడా విండోస్ 11. కొడుకుది మ్యాక్‌బుక్. ఇవి కాక ఫోన్లు. ఇంటర్నెట్ రౌటర్ కింద హాల్లో ఉంది. మేడ మీద సిగ్నల్ సరిగా రావట్లేదని ఎప్పుడో ఎవరితోనో ఇంకో రౌటర్ పెట్టించారు. దాన్ని మొదటి రోజు నేను చూశాను. చూసి పక్కన పెట్టేశాను. ఈ కేసు అంతా నడిచింది ఆ రౌటర్ చుట్టూనే.

ఫిర్యాదు పెద్దాయనే చెప్పారు. "నా కంప్యూటర్ నుంచి ఎప్పుడు ఇచ్చినా ప్రింట్ వస్తుంది బాబూ. వీళ్ల వాటి నుంచి మాత్రం ఒకరోజు వస్తుంది, రెండు రోజులు రాదు. ఆఫ్‌లైన్ అంటుంది. ప్రతివాళ్లూ పెన్‌డ్రైవ్ పట్టుకుని నా గదికి వస్తున్నారు." ఇంకో మాట కూడా అన్నారు. ఒకప్పుడు హోమ్‌గ్రూప్ అని ఉండేదనీ, పాస్‌వర్డ్ ఒకటి కొడితే అన్నీ కలిసిపోయేవనీ. ఆయన జ్ఞాపకం సరైనదే. విండోస్ 10లో 2018లో వచ్చిన 1803 వెర్షన్‌తో హోమ్‌గ్రూప్‌ని తీసేశారు. ఆ తర్వాత ఇంట్లో ప్రింటర్ పంచుకోవడానికి అవసరమైన సెట్టింగులన్నీ మనమే ఒక్కొక్కటిగా చూసుకోవాలి.

"ఒకరోజు వస్తుంది, రెండు రోజులు రాదు" అన్న మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. అసలే రాకపోతే అది సెట్టింగ్ సమస్య అయ్యే అవకాశం ఎక్కువ. వచ్చిపోతూ ఉంటే మారుతున్నది ఏదో ఉందన్నమాట. అది సమయమా, చోటా, మనిషా అన్నది ముందు కనుక్కోవాలి. నేను మాత్రం నేరుగా సెట్టింగులు తెరిచాను.

మొదటి రోజు

పనంతా కింది గదిలోనే చేశాను. వాళ్లు తమ ల్యాప్‌టాప్‌లన్నీ తెచ్చి నా ముందు పెట్టారు.

డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంది. అలా ఉన్నప్పుడు విండోస్ తనని తాను దాచుకుంటుంది. చుట్టుపక్కల కంప్యూటర్లకు కనిపించదు, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ని ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లని అడ్డుకునే భాగం) ఆపేస్తుంది. బయట ఎక్కడో తెలియని వైఫైలో ఉన్నప్పుడు అది మంచిదే. సొంత ఇంట్లో దాన్ని ప్రైవేట్‌కి మార్చాలి, మార్చాను. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ఆన్ చేసి, ఖాళీలు లేని పొట్టి పేరు పెట్టాను.

తర్వాత ల్యాప్‌టాప్ నుంచి తెరిస్తే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. పెద్దాయన అకౌంట్‌కి పాస్‌వర్డే లేదు. పాస్‌వర్డ్ లేని లోకల్ అకౌంట్‌తో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అవ్వచ్చు గానీ నెట్‌వర్క్ మీదుగా వెళ్తే విండోస్ ఒప్పుకోదు. ఇక్కడ మూడు దారులు కనిపించాయి. ఆయన అకౌంట్‌కి పాస్‌వర్డ్ పెట్టడం మొదటిది. కానీ రోజూ ఆయనతో పాస్‌వర్డ్ కొట్టించడం నాకు ఇష్టం లేదు. పాస్‌వర్డ్ రక్షణని పూర్తిగా ఆపేయడం రెండోది. అలా చేస్తే ఆ కంప్యూటర్లో తర్వాతెప్పుడైనా షేర్ చేసే ఫోల్డర్లకు కూడా అడ్డు ఉండదు. అందుకే మూడో దారి తీసుకున్నాను. ప్రింటింగ్ కోసమే విడిగా ఒక మామూలు అకౌంట్ తయారుచేసి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, ల్యాప్‌టాప్‌లలో పాస్‌వర్డులు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో భద్రపరిచాను. ఆ నిర్ణయం మీద నాకిప్పటికీ అభ్యంతరం లేదు. ఒక విషయం ఇక్కడే చెప్పాలి. చాలామంది ఈ పాస్‌వర్డ్ పెట్టెలో తమ నాలుగంకెల పిన్ కొడుతుంటారు. పిన్ ఆ ఒక్క పరికరానికే పరిమితం, నెట్‌వర్క్ మీద అది పనిచేయదు.

మనవరాలి ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ (ప్రింటర్‌తో మాట్లాడటానికి కంప్యూటర్‌కి కావాల్సిన సాఫ్ట్‌వేర్) వేయడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. 2021 ఆగస్టు అప్‌డేట్‌ నుంచి ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కులు తప్పనిసరి. వాళ్ల నాన్న వచ్చి కొట్టారు, అయిపోయింది.

కోడలి సొంత ల్యాప్‌టాప్ దగ్గర పొరపాటు చేశాను. కనెక్ట్ చేయబోతే చివర 11బి అని ఉండే ఎర్రర్ కోడ్ వచ్చింది. ప్రింటర్ పనులు చేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన కోడే. ప్రింట్ పంపే కంప్యూటర్‌కీ ప్రింటర్ ఉన్న కంప్యూటర్‌కీ మధ్య నడిచే సంభాషణలో ఒక భద్రతా లోపం బయటపడింది. దాని నమోదు సంఖ్య సీవీఈ-2021-1678. 2021 సెప్టెంబర్ అప్‌డేట్‌లతో విండోస్ ఆ సంభాషణకు గట్టి రక్షణని తప్పనిసరి చేసింది. ఒకవైపు కంప్యూటర్‌కి అప్‌డేట్లు ఉండి రెండోవైపు లేకపోతే అవి ఒకదాన్నొకటి ఒప్పుకోవు. దీనికి అందరూ చెప్పుకునే చిట్కా ఒకటుంది. ప్రింటర్ ఉన్న కంప్యూటర్ రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగులు ఉండే చోటు) ఆర్‌పీసీ ఆథెంటికేషన్ లెవెల్ ప్రైవసీ ఎనేబుల్డ్ అనే విలువని సున్నా చేసి, ప్రింట్లని వరుసలో పెట్టి పంపే ప్రింట్ స్పూలర్ సర్వీస్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టడం. చేశాను. వెంటనే కనెక్ట్ అయింది.

అప్పుడు నా ఆలోచన ఎలా నడిచిందో దాచకుండా చెబుతాను. సాయంత్రం అయిపోయింది, ముగ్గురు ఎదురుచూస్తున్నారు, ఈ చిట్కాతో రెండు నిమిషాల్లో పని అయిపోతుందని తెలుసు. ఆ సున్నా వల్ల పోతున్నది డెస్క్‌టాప్ రక్షణ. పెద్దాయన కాగితాలన్నీ ఉన్నది ఆ డెస్క్‌టాప్‌లోనే. అసలు తేడా ఉన్నది ల్యాప్‌టాప్‌లో. దానికి చాలాకాలంగా అప్‌డేట్లు ఆపేసి ఉన్నాయి. జబ్బు ఒకరికి ఉంటే మందు ఇంకొకరికి వేశాను. మర్నాడు ఉదయం నుంచీ అది మనసులో తొలుస్తూనే ఉంది. రెండోసారి వెళ్లగానే ముందుగా ఆ విలువని తీసేసి, ల్యాప్‌టాప్‌కి అప్‌డేట్లన్నీ వేసి, మళ్లీ కనెక్ట్ చేశాను. ఎర్రర్ రాలేదు.

మొదటి రోజు చివర మాత్రం మూడు ల్యాప్‌టాప్‌ల నుంచీ పేజీలు వచ్చాయి, అందరూ సంతోషించారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ని తర్వాత చూద్దామన్నారు. నేను వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ఫోన్

మళ్లీ ఆఫ్‌లైన్. ఎప్పుడని అడిగితే రాత్రి అన్నారు. పెద్దాయన తొమ్మిదింటికి డెస్క్‌టాప్ ఆపేసి పడుకుంటారు. మనవరాలు రాత్రి పదకొండింటికి ప్రింట్ ఇస్తుంది. పగటిపూట కూడా ఆయన అరగంట లేచి వెళ్తే డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తుంది. కంప్యూటర్‌కి కేబుల్‌తో ఉన్న ప్రింటర్‌ని షేర్ చేశామంటే అర్థం ఇదే: ఆ కంప్యూటర్ మేలుకుని ఉన్నంతసేపే ఇంట్లో మిగతావాళ్లకి ప్రింటర్ ఉన్నట్టు.

స్లీప్‌ని నెవర్ అని పెట్టి, రాత్రి కూడా ఆపొద్దని ఆయనకు చెప్పి వచ్చేయొచ్చు. చాలామంది అదే చెబుతారు. ఇతరుల కాగితాల కోసం ఒక పెద్దమనిషి ఏళ్ల తరబడి ఉన్న తన అలవాటు మార్చుకోవాలని అడగడం నాకు సబబు అనిపించలేదు. పైగా అడిగినా అది నిలవదు. ఏ రోజు మరచిపోయి ఆపేసినా తప్పు ఆయనదవుతుంది, ఇంట్లో మాటామాటా వస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. విండోస్‌లో ఇలా షేర్ చేస్తే ప్రింటింగ్ మాత్రమే పంచుకోగలం, స్కానర్ పంచుకోలేం. కోడలికి ప్రింట్ కన్నా స్కానే ఎక్కువ అవసరం. అంటే ఈ పద్ధతి బాగా పనిచేసిన రోజున కూడా ఆమె పెన్‌డ్రైవ్ పట్టుకుని కిందికి రావాల్సిందే.

డెస్క్‌టాప్ మీద ఆధారపడకూడదని అక్కడే తేల్చుకున్నాను.

చిన్న బోర్డుతో చేసిన ప్రయత్నం

ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటర్‌ని ప్రింటర్ పక్కన పెట్టాలన్నది తర్వాతి ఆలోచన. నా దగ్గర ఖాళీగా ఉన్న రాస్‌బెర్రీ పై బోర్డులో లైనక్స్, కప్స్ వేసుకుంటే సరిపోతుందనుకున్నాను. కప్స్ అంటే లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ప్రింటింగ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్. కరెంటు కూడా చాలా తక్కువ తీసుకుంటుంది. ప్రింటర్‌లో ఉన్న వైఫైని ఎందుకు వాడలేదని మీరు అడగొచ్చు. పెద్దాయన మొదటి రోజే చెప్పారు, "ఆ వైఫై పనిచేయదు బాబూ, ఇదివరకు చూశాం" అని. ఆ మాట విని ఊరుకున్నాను. ఎలా పనిచేయలేదో అడగలేదు.

బోర్డుతో ఒక సాయంత్రం మొత్తం పోయింది. తక్కువ ఖరీదు లేజర్ ప్రింటర్లలో చాలా వాటికి పేజీని తామే తయారుచేసుకునే తెలివి ఉండదు. కంప్యూటర్‌లోని డ్రైవరే పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చి, ఆ కంపెనీ సొంత భాషలో పంపాలి. ఈ ప్రింటర్ యూఎస్‌బీ మీద ఆ భాషే వింటుంది. కంపెనీ ఇచ్చిన లైనక్స్ డ్రైవర్ ఇంటెల్ తరహా ప్రాసెసర్లకు మాత్రమే తయారైంది. బోర్డులో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్. ప్రింటర్ మోడల్ నంబర్‌తో డ్రైవర్ పేజీ ముందే చూసుంటే పది నిమిషాల్లో తెలిసేది. రౌటర్ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టులో ప్రింటర్ పెట్టడం గురించి కూడా ఆలోచించాను. అందులోనూ స్కానింగ్ రాదు, టోనర్ అయిపోయిందా కాగితం ఇరుక్కుందా అన్న కబురు కూడా చాలాసార్లు వెనక్కి రాదు. అందుకని దాని జోలికి పోలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు అడిగిన ప్రశ్న

ఇక మిగిలింది ప్రింటర్ వైఫైయే. ఈసారి పనికి దిగకముందు కూర్చుని అడిగాను, "అప్పట్లో వైఫై పెట్టినప్పుడు సరిగ్గా ఏం జరిగిందండీ? ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు?"

సమాధానం మనవరాలు చెప్పింది. "అప్పుడు ప్రింటర్ మేడ మీద నా గదిలో ఉండేదండీ. నాకు బాగానే వచ్చేది. తాతయ్యకే వచ్చేది కాదు. అమ్మ పైకొచ్చి ఇస్తే వచ్చేది, కింద నుంచి ఇస్తే వచ్చేది కాదు."

ఒకే ల్యాప్‌టాప్, ఒకే ప్రింటర్. పైకి వస్తే పనిచేస్తోంది, కిందికి వెళ్తే లేదు. మారింది చోటు ఒక్కటే. నేను వెంటనే ఇంకోటి అడిగాను, "ఈమధ్య నేను పెట్టి వెళ్లాక నువ్వు ప్రింట్ ఇచ్చినప్పుడు ఎక్కడ కూర్చుని ఇచ్చావమ్మా?" రాత్రిపూట ఎప్పుడూ పైనుంచే. పగలు ఒకటి రెండుసార్లు పైనుంచి ఇచ్చినా రాలేదట, అప్పుడు డెస్క్‌టాప్ ఆన్‌లోనే ఉంది. కింద హాల్లో కూర్చుని ఇస్తే వచ్చిందట.

ఆమె ల్యాప్‌టాప్ తీసుకుని కింద కూర్చుని కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టాను. నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కి ఉన్న ఐపీ అడ్రస్‌ని అది చూపిస్తుంది. అడ్రస్ 192.168.1తో మొదలైంది. అదే ల్యాప్‌టాప్‌తో మెట్లెక్కి మళ్లీ కొట్టాను. ఈసారి 192.168.0తో మొదలైంది. డీఫాల్ట్ గేట్‌వే, అంటే బయటికి దారి ఇచ్చే రౌటర్ అడ్రస్ కూడా మారిపోయింది. వైఫై పేరు మాత్రం రెండు చోట్లా ఒక్కటే. మేడ మీద రౌటర్ పెట్టినవాళ్లు ఇంటివాళ్లకి సులువుగా ఉంటుందని రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టారు. కానీ కింద నుంచి వచ్చిన కేబుల్‌ని పై రౌటర్‌లో ఇంటర్నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టులో పెట్టి, దాన్ని రౌటర్‌గానే వదిలేశారు. దాంతో అది మేడ మీద వేరే నెట్‌వర్క్ నడుపుతోంది. ఇంటర్నెట్ రెండు చోట్లా బాగానే వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ ఒక్క విషయంతో ముడులన్నీ విడిపోయాయి. మేడ మీది పరికరం కింది నెట్‌వర్క్‌లోకి పంపగలదు, ఎందుకంటే పై రౌటర్‌కి కింది రౌటరే బయటి ప్రపంచానికి దారి. కింద ఉన్నవి మేడ మీదికి వెళ్లలేవు, పై రౌటర్ వాటిని బయటివాళ్లుగా చూసి ఆపేస్తుంది. అందుకే ప్రింటర్ పైన ఉన్నప్పుడు పెద్దాయనకు అందలేదు. మరి డెస్క్‌టాప్ కింద ఉండగా పైనుంచి ఎందుకు అందలేదు? నేను షేర్‌ని డెస్క్‌టాప్ పేరుతో కలిపాను. ఇళ్లలో కంప్యూటర్ పేరుని వెతికే పద్ధతి ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లందరినీ కేకేసి అడగడం లాంటిది. ఆ కేక రౌటర్ దాటి వెళ్లదు.

పేరు బదులు ఐపీ అడ్రస్‌తో కలిపితే పైనుంచి కూడా పనిచేసేదే. ఆ దారి కళ్లముందు కనిపించింది, వద్దనుకున్నాను. అప్పటికి సమస్య పోయినట్టు కనిపిస్తుంది, కారణం అలాగే ఉంటుంది. మ్యాక్‌బుక్‌కీ ఫోన్లకీ అది పనికిరాదు కూడా. అవి ప్రింటర్‌ని బోంజోర్ పద్ధతిలో వెతుకుతాయి. అది కూడా అదే నెట్‌వర్క్‌లో అందరికీ వినిపించేలా వేసే కేకే.

మొదటి రోజు నా పరీక్షలో ఏం తప్పుందో కూడా ఇక్కడే తెలిసింది. ల్యాప్‌టాప్‌లన్నీ కింది గదిలో నా ముందు పెట్టుకుని, డెస్క్‌టాప్ ఆన్‌లో ఉండగా, పదిహేను నిమిషాల్లో పరీక్షించాను. వాళ్లు ఆ గదిలో కూర్చుని, ఆ సమయంలో ఎప్పుడూ ప్రింట్ ఇవ్వరు.

చేసిన మార్పులు

మేడ మీది రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చాను. అంటే అది సొంతంగా అడ్రసులు పంచడం మానేసి, కింది రౌటర్ నెట్‌వర్క్‌నే పైన వైఫైగా ఇస్తుంది. ఈ రౌటర్‌లో అందుకు నేరుగా ఆప్షన్ ఉంది. లేనివాటిలో ముందు రౌటర్ సొంత అడ్రస్‌ని కింది నెట్‌వర్క్‌లో వేరే దేనికీ లేని అడ్రస్‌కి మార్చి, డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపేసి, తర్వాత కేబుల్‌ని వ్యాన్ పోర్టు నుంచి తీసి, ఇంట్లోని పరికరాల కోసం ఉండే ల్యాన్ పోర్టులో పెట్టాలి. ఈ వరుస తప్పితే మధ్యలో ఆ రౌటర్ సెట్టింగ్స్ పేజీ మనకు అందకుండా పోవచ్చు. మార్చాక రెండు అంతస్తుల్లోనూ ఐపీకాన్ఫిగ్ కొట్టి చూశాను. రెండు చోట్లా 192.168.1.

తర్వాత ప్రింటర్‌ని వైఫైలోకి చేర్చాను. అది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకునే రకం, కింది రౌటర్‌కి దగ్గరే కాబట్టి ఇబ్బంది లేదు. గెస్ట్ వైఫైలో చేరకుండా చూసుకున్నాను. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా రౌటర్ సాధారణంగా అడ్డుకుంటుంది, ప్రింటర్ అందులో ఉంటే ఎవరికీ కనిపించదు.

అడ్రస్ విషయంలో కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. రౌటర్ ఇచ్చే అడ్రస్ ఎప్పటికీ ఒకటే ఉంటుందన్న హామీ లేదు. ఆ అడ్రస్ గడువు తీరాక, ప్రింటర్ కొన్నాళ్లు ఆపి ఉంచాక మారొచ్చు. మారితే కంప్యూటర్లు పాత అడ్రస్‌కే పంపుతూ ఆఫ్‌లైన్ అంటాయి. అడ్రస్‌ని ప్రింటర్‌లోనే స్థిరంగా రాసేయడం ఒక పద్ధతి. దాన్ని ఎవరైనా ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అది పోతుంది. పైగా రౌటర్ ఆ అడ్రస్‌ని తెలియక ఇంకో ఫోన్‌కి ఇచ్చేసే ప్రమాదం కూడా ఉంది. అందుకే రౌటర్‌లో రిజర్వేషన్ పెట్టాను. ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌ని (నెట్‌వర్క్ పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) గుర్తుపెట్టుకుని ప్రతిసారీ దానికి ఒకే ఐపీ అడ్రస్ ఇవ్వమని రౌటర్‌కి చెప్పడమే రిజర్వేషన్. రౌటర్ మారిస్తే ఇది మళ్లీ చేసుకోవాలని ఇంటివాళ్లకి చెప్పాను.

విండోస్ ల్యాప్‌టాప్‌లలో పాత షేర్డ్ ప్రింటర్లన్నీ ముందు తీసేశాను. ఇది తప్పకుండా చేయాలి. పాతది ఉంటే పేర్లు ఒకేలా ఉండి వాళ్లు దానికే పంపుతారు, కొత్తది పనిచేయట్లేదనుకుంటారు. ప్రింటర్‌ని కలిపేటప్పుడు విండోస్ తనంతట తాను కనిపెట్టి చూపించినదాన్ని తీసుకోలేదు. అలా తీసుకుంటే తరచుగా డబ్ల్యూఎస్‌డీ అనే రకం పోర్టు తయారవుతుంది. అది ప్రింటర్‌ని వెతుక్కుంటూ ఉంటుంది, ఆ వెతుకులాట తప్పిన రోజు ప్రింటర్ బాగానే ఉన్నా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. అందుకే ఐపీ అడ్రస్‌తో కలిపే ఆప్షన్ ఎంచుకుని స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్టు పెట్టాను. అది 9100 నంబర్ పోర్టు మీద నేరుగా ప్రింటర్‌కే పంపుతుంది. మనవరాలి ల్యాప్‌టాప్‌లో అప్పటికీ ఆఫ్‌లైన్ అని ఉంటే, పోర్ట్ సెట్టింగ్స్‌లో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అన్న టిక్ తీసేశాను. విండోస్ ఆ పద్ధతిలో ప్రింటర్ క్షేమం అడుగుతుంది, ప్రింటర్ బదులివ్వకపోతే లేదనుకుంటుంది. డీఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ తనే మార్చేసే ఆప్షన్‌ని కూడా ఆపేశాను.

మ్యాక్‌బుక్ దగ్గర చేయడానికేమీ లేదు. కలపబోతే ఎయిర్‌ప్రింట్‌గా (విడిగా డ్రైవర్ అక్కర్లేని యాపిల్ పద్ధతి) దానంతట అదే కనిపించింది. ఫోన్లు కూడా అంతే. ఫోన్ నుంచి ప్రింట్ కావాలని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, తర్వాత చూస్తే అందరికన్నా ఎక్కువ వాడుతున్నది అదే. స్కానింగ్ ప్రింటర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ద్వారా కోడలి సొంత ల్యాప్‌టాప్‌కి వచ్చింది.

పెద్దాయన కేబుల్ తీసేయాలా వద్దా అన్నది చివరి నిర్ణయం. అందరికీ ఒకే దారి ఉంటే తర్వాత చూసుకోవడానికి నాకు సులువు. కానీ ఆయనకు మొదటినుంచీ ఏ ఇబ్బందీ లేదు. బాగున్నదాన్ని నా సౌకర్యం కోసం కదిలించడం న్యాయం కాదు. వైఫై పోయిన రోజున కూడా ఇంట్లో ఒక్కచోట నుంచైనా ప్రింట్ వస్తుంది. కేబుల్ అలాగే ఉంచాను. ఈ ప్రింటర్ రెండు దారుల నుంచి వచ్చినవీ ఒకదాని తర్వాత ఒకటి తీసుకుంటోందని పరీక్షించి చూశాను. డెస్క్‌టాప్‌లో షేరింగ్ ఆపేసి, ప్రింటింగ్ కోసం పెట్టిన అకౌంట్ తీసేశాను. ప్రింటర్ సెట్టింగ్స్ పేజీకి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌నీ మార్చాను.

శుభ్రం చేస్తుండగా మనవరాలి ల్యాప్‌టాప్ ప్రింట్ క్యూలో ఆగిపోయి ఉన్న పాత జాబ్‌లు కనిపించాయి. ఒకే అప్లికేషన్ ఫారం పదకొండుసార్లు. రాలేదనుకుని ఆ అమ్మాయి మళ్లీ మళ్లీ నొక్కింది. తెలియకుండా వదిలేసి ఉంటే పదకొండూ ఒకేసారి వచ్చేవి. క్యాన్సిల్ అంటే పోవట్లేదు. స్పూలర్ సర్వీస్ ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32 లోపల స్పూల్, దాని లోపలి ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు తీసేసి, సర్వీస్ మళ్లీ మొదలుపెట్టాను. ఆ ఫోల్డర్ లోపలివే తీయాలి, ఫోల్డర్‌ని కాదు.

పరీక్ష, ఆ తర్వాత వచ్చిన ఇంకో ఆఫ్‌లైన్

ఈసారి పరీక్షని వాళ్ల రోజుని బట్టి పెట్టుకున్నాను. డెస్క్‌టాప్ ఆపేసి మేడ మీద మనవరాలి మంచం దగ్గర నుంచి ప్రింట్. రెండు రౌటర్లూ ప్రింటర్ కూడా ఒకేసారి ఆపి, కరెంటు పోయి వచ్చినట్టు అన్నీ కలిపి ఆన్ చేసి మళ్లీ ప్రింట్. ప్రింటర్ గాఢ నిద్రలోకి వెళ్లేదాకా రెండు గంటలు ఆగి, ఫోన్ నుంచి ప్రింట్. ఇవన్నీ అయ్యాక కూడా పని పూర్తయిందని చెప్పలేదు. పది రోజులు వాడి చూడమన్నాను. రాకపోతే ఏ సమయంలో, ఏ గదిలో, ఏ కంప్యూటర్ నుంచి అని ప్రింటర్ పక్కన కాగితం మీద రాయమన్నాను.

వారం తర్వాత కాగితం మీద మూడు వరుసలు కనిపించాయి. మూడూ ఆఫీసు ల్యాప్‌టాప్‌వే, మూడూ పగటివే. అంతకుముందే దానిలో కూడా ప్రింటర్‌ని కలుపుకున్నారు, ఒకసారి ప్రింట్ వచ్చింది కూడా. పాత అలవాటు ప్రకారం చెయ్యి పోర్ట్ సెట్టింగ్స్ మీదికే వెళ్లబోయింది. ఆపుకుని, ఆ సమయంలో ఏం చేస్తున్నారని అడిగాను. ఆఫీసు పనిలో ఉన్నారు, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌తో కలిపే వీపీఎన్ ఆన్‌లో ఉంది. కొన్ని ఆఫీసుల వీపీఎన్ కనెక్ట్ అయినంతసేపు ల్యాప్‌టాప్ నుంచి వెళ్లేదంతా ఆఫీసు దారిలోనే పంపుతుంది, పక్కనే ఉన్న ఇంటి నెట్‌వర్క్‌ని తాకనివ్వదు. సాయంత్రం వీపీఎన్ ఆపాక అదే ల్యాప్‌టాప్ నుంచి ప్రింట్ వచ్చింది.

అది లోపం కాదు, వాళ్ల ఆఫీసు పెట్టుకున్న నియమం. దాన్ని దాటే దారులు వెతకడం నా పని కాదని ఆమెకు చెప్పాను. ఇంట్లో ప్రింట్ తీసుకోవడానికి ఒప్పుకుంటారేమో ఆఫీసు ఐటీ వాళ్లని అడగమన్నాను. ఆ కాగితాలు ఇంట్లో ప్రింట్ తీయకూడదన్నది కూడా వాళ్ల ఉద్దేశం కావచ్చు. ఆమె అడిగారు, వద్దన్నారు. ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి ప్రింటర్‌ని తీసేశాం.

ఈ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. ప్రింటర్ ఫిర్యాదు వస్తే కంప్యూటర్ తెరవకముందే అడుగుతున్నాను: వచ్చినప్పుడు ఎక్కడ కూర్చున్నారు, రానప్పుడు ఎక్కడ కూర్చున్నారు, ఆ సమయంలో ఇంట్లో ఏవేవి ఆన్‌లో ఉన్నాయి. ఇంట్లో ఎన్ని రౌటర్లు ఉన్నాయో లెక్కపెట్టి, ప్రతి గదిలోనూ అడ్రస్ చూస్తున్నాను. దానికి ఐదు నిమిషాలు పడుతుంది. రెండోది, "ఇదివరకు చూశాం, పనిచేయలేదు" అని ఎవరైనా అంటే దాన్ని తీర్పుగా తీసుకోవట్లేదు. ఎలా పనిచేయలేదో వివరంగా చెప్పించుకుంటున్నాను.

పదో రోజు వెళ్లేసరికి కాగితం మీద కొత్త వరుసలేమీ లేవు. ప్రింటర్ మూత లోపల చిన్న చీటీ అంటించాను. దాని మీద ప్రింటర్ ఐపీ అడ్రస్, మేడ మీది రౌటర్ కొత్త అడ్రస్, "రౌటర్ మారిస్తే రిజర్వేషన్ మళ్లీ పెట్టాలి, మేడ మీది రౌటర్‌ని రీసెట్ చేస్తే యాక్సెస్ పాయింట్ మోడ్ మళ్లీ పెట్టాలి" అని రాశాను. అది మనవరాలి చేత చదివించాను. తర్వాత రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి, ఆ రెండూ ఎక్కడ ఉంటాయో ఆమె చేతే ఒకసారి చూపించుకున్నాను.